నడుమ కూర్చున్నవాడి ధర్మం

హనుమకొండ పద్మాక్షి గుట్ట మీద రాతిలో చెక్కిన తీర్థంకరులు ఇవాళ్టికీ నిలబడే ఉన్నారు. 1117లో, కాకతీయ రెండో ప్రోలరాజు కాలంలో, మంత్రి బేతన భార్య మైలమ అక్కడ జైన బసది కట్టించిందని శాసనం చెబుతుంది. ఇప్పుడది అమ్మవారి కొండ. సద్దుల బతుకమ్మ నాడు కింద గుండం పూలతో నిండిపోతుంది.

ఆ జైనుల గురించి కాసె సర్వప్ప 'సిద్ధేశ్వర చరిత్ర'లో ఒక కథ ఉంది. తిక్కన సోమయాజి నెల్లూరు మనుమసిద్ధికి సాయం అడగడానికి ఓరుగల్లులో గణపతిదేవుడి కొలువుకు వచ్చాడు. అక్కడ జైన, బౌద్ధ పండితులతో వాదించి గెలిచాడు. ఓడినవాళ్లను రాజు దండించాడు. కాకతీయులు పోయిన చాలాకాలానికి రాసిన కథ కాబట్టి దాన్ని ఉన్నదున్నట్టు నమ్మనక్కర్లేదు. అయినా అది అడిగే ప్రశ్న తప్పించుకోలేనిది. సభలో ఓడిన మాట అబద్ధమైపోతుందా?

'వితండవాదం' అని మనం రోజూ విసుక్కుంటాం. న్యాయసూత్రాల్లో దాని పక్కన ఇంకో రెండున్నాయి: నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం. ఓరుగల్లు కథలో తీర్పరి చేతిలోనే కత్తి ఉంది. అలాంటి చోట వాదానికి వచ్చినవాడు కూడా జల్పంలోకి దిగక తప్పదు. ఓడితే పోయేది ప్రాణం మరి.

బౌద్ధ గ్రంథం 'మిలింద పన్హ'లో భిక్షువు నాగసేనుడు ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టాడు. పండితుడిలా మాట్లాడతానంటేనే చర్చకు కూర్చుంటానని, రాజులా అయితే వద్దని గ్రీకు రాజు మిలిందుడికి చెప్పేశాడు. పండితుల మధ్య చిక్కులు పడతాయి, విడిపోతాయి, ఎవరికీ కోపం రాదు. రాజు మాటకు అడ్డొస్తే శిక్షే.

నేటి సదస్సు అధ్యక్షుడి చేతిలో కత్తి లేదు, ఉన్నవి మైకు, గడియారం. చిన్నవేం కాదు. నచ్చిన వక్తకు పది నిమిషాలు పెంచి, నచ్చని ప్రశ్నకు "సమయం లేదు" అన్నప్పుడు ఆయనా దండించినట్టే. అలాగని ఆయనకు సొంత నమ్మకం ఉండకూడదనడం అన్యాయం. భక్తుడైనా, నాస్తికుడైనా నడుమ కూర్చోవచ్చు.

అందుకు దారి మన శాస్త్రాల్లోనే ఉంది. ఖండించేముందు ఎదుటివాడి వాదాన్ని పూర్వపక్షంగా చెప్పాలి. "మీరు కాదంటున్న మాటేమిటో ముందు ఆయన ఒప్పుకునేలా చెప్పండి" అని అధ్యక్షుడు అడగగలిగితే, హాల్లో చివరి వరుసలో చెయ్యెత్తిన కుర్రాడికి కూడా తన వంతు వస్తుందన్న ధైర్యం కలుగుతుంది.