యాంటెన్నా ఎవరిది?

మా కాలేజీ పిల్లలు పది సెంటీమీటర్ల ఘనమంత ఉపగ్రహం ఒకటి చేస్తున్నారు. యాంటెన్నా దగ్గరికొచ్చేసరికి రెండు వర్గాలయ్యారు. కొందామనేవాళ్ల లెక్క తేలికే: అంతరిక్షంలో ఇదివరకే పనిచేసిన సరుకు, లక్షలు పోసినా నిశ్చింత. చేద్దామనే పిల్ల ఏకంగా గీతనే తెచ్చింది. "కొరతలున్నా స్వధర్మమే మేలన్నారు కదా సార్, మన చేత్తో చేసిందే మనది" అంది.

స్వధర్మమంటే సొంత చేతిపని అని కృష్ణుడు ఎక్కడ చెప్పాడు? అర్జునుడి గాండీవం వరుణుడి దగ్గర్నుంచి అగ్ని ఇప్పించింది. అది తాను చెక్కుకోలేదని అతనికేం చిన్నతనం కలగలేదు.

మా ఉపగ్రహం వాడే 145 మెగాహెర్ట్జ్‌కి పావు తరంగం యాంటెన్నా అరమీటరు పైచిలుకు. అంత చిన్న పెట్టెలో పట్టదు. అందుకే కొలతల టేపులోని ఉక్కు రేకును చుట్టి నైలాన్ దారంతో కట్టి పంపుతారు. కక్ష్యలో నిక్రోమ్ తీగ వేడెక్కి దారాన్ని తెంపితే రేకు తనంతట తానే సాగుతుంది. తెగకపోతే పైకెళ్లి విప్పేవాడు లేడు. అమ్మకానికొచ్చేవాటిలోనూ చాలావాటిది ఇదే కిటుకు.

అసలు సంగతి వేరే ఉంది. ఆ రేకు సగం యాంటెన్నాయే. మిగతా సగం ఉపగ్రహం ఒళ్లే. రేకులో పారే కరెంటుకు జోడీ ఆ లోహపు చట్రంలో పారుతుంది. ఫ్యాక్టరీలో చక్కగా ట్యూనైన యాంటెన్నా మన పెట్టెకు బిగించాక ట్యూనింగ్ తప్పొచ్చు. ఇక కొన్నది మొత్తంగా వాళ్లదెలా అవుతుంది? చేసింది మొత్తంగా మనదెలా అవుతుంది?

గీత పద్దెనిమిదో అధ్యాయం ప్రతి పనికీ అయిదు కారణాలు చెబుతుంది: ఆధారం, కర్త, పరికరాలు, ప్రయత్నాలు, దైవం. ఆధారమంటే శరీరమని శంకరుల భాష్యం. అంతా తానొక్కడే చేశాననుకునేవాడికి చూపు లేదని కూడా అక్కడే ఉంది. 1961లో అమెరికా హామ్ రేడియో ఔత్సాహికులు సొంతంగా చేసుకున్న ఆస్కార్-1 ఉపగ్రహాన్ని రాకెట్ నుంచి నెట్టిన స్ప్రింగు కూడా దుకాణంలో కొన్నదే.

అయినా చేయమనే చెప్పాను. దారం చలికి బిగుసుకుంటే ఏమవుతుందో ఫ్రీజర్‌లో పెట్టి చూసుకున్నవాళ్లకు రేపు కొనేటప్పుడు ఏం అడగాలో తెలుస్తుంది. ఇంకొకరి పరికరం మోసే ఉపగ్రహమైతే గీత తెరవకుండానే కొనిపించేవాణ్ణి.

రిపోర్టులో "యాంటెన్నా: పూర్తిగా స్వయంకృతం" అని రాసుకొచ్చారు. "పూర్తిగా" కొట్టేసి, టేపు కొన్న హార్డ్‌వేర్ షాపు పేరు చేర్చమన్నాను. ఆ పిల్లకింకా కోపంగానే ఉంది.