కాపలా వేరు, నిఘా వేరు

ఇంటికి దొంగల అలారం పెట్టుకోవడం అల్లాహ్‌పై నమ్మకానికి విరుద్ధమా? నేడు మన ఇళ్లలో తరచుగా వినిపిస్తున్న ప్రశ్న ఇది. కొడుకు గల్ఫ్‌లో ఉంటాడు. ఇంట్లో వృద్ధులైన తల్లిదండ్రులు, కోడలు, పిల్లలు ఉంటారు. సెలవు మీద వచ్చిన కొడుకు వైర్లు లేని అలారం ఒకటి తెచ్చి గోడకు బిగిస్తానంటాడు. "కాపాడేవాడు అల్లాహ్ ఉండగా ఈ యంత్రం ఎందుకు బేటా?" అని తల్లి అడుగుతుంది. "జాగ్రత్తపడమని చెప్పింది కూడా మన ధర్మమే కదా అమ్మీ!" అని అతను సమాధానమిస్తాడు.

ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. అయితే ఇద్దరూ అడగని ప్రశ్న మరొకటి ఉంది. మనం ఇంట్లో పెట్టుకునేది కాపలానా, నిఘానా? ఈ రెండింటి మధ్య ఉన్న తేడాను గ్రహించకపోతే, దొంగ నుంచి ఇంటిని కాపాడుకునే ప్రయత్నంలో ఇంటి గౌరవాన్నే పోగొట్టుకుంటాం.

ముందు తల్లి ప్రశ్నను పరిశీలిద్దాం. తవక్కుల్ అంటే తలుపులు బార్లా తెరిచిపెట్టి నిద్రపోవడం కాదు. రాత్రివేళ అల్లాహ్ నామం స్మరించి తలుపులు మూసుకోమని దైవప్రవక్త (స) ఉపదేశించారు. ఆ ఉపదేశంలో గొళ్లెమూ ఉంది, బిస్మిల్లాహ్ కూడా ఉంది. యాఖూబ్ ప్రవక్త (అలైహిస్సలాం) తన కుమారులను ఈజిప్టుకు పంపేటప్పుడు అందరూ ఒకే ద్వారం గుండా కాక వేర్వేరు ద్వారాల గుండా ప్రవేశించమన్నారు. ఆ వెంటనే, దైవ నిర్ణయం ముందు తన జాగ్రత్త ఏమీ చేయలేదని కూడా చెప్పారు. యూసుఫ్ సూరాలో మనం చదివే విషయమే ఇది.

హజ్రత్ అబూ హురైరా (రజి) ఉదంతం కూడా మనకు తెలిసిందే. రమజాన్ జకాత్‌గా వచ్చిన ధాన్యానికి ఆయన్ని కాపలా ఉంచినవారు దైవప్రవక్తే (స). రాత్రిపూట ధాన్యం ఎత్తుకెళ్లడానికి వచ్చి పట్టుబడినవాడు మూడోసారి, ఆయతుల్ కుర్సీ పఠిస్తే అల్లాహ్ రక్షణ లభిస్తుందని చెప్పి విడిపించుకున్నాడు. వాడు అబద్ధాలకోరే అయినా ఆ మాట మాత్రం నిజమేనని దైవప్రవక్త (స) ధ్రువీకరించారు. కాపలా మనిషిని పెట్టడమూ, ఆయతుల్ కుర్సీ మహిమను ధ్రువీకరించడమూ ఒకే సంఘటనలో మనకు కనిపిస్తున్నాయి. కనుక ఒకదాన్ని సాకుగా చూపి మరొకదాన్ని వదిలేయడం సరికాదు.

ఇక యంత్రం సంగతి. గది మూలన బిగించే మోషన్ సెన్సర్, తలుపులకు అమర్చే అయస్కాంతపు ముక్కలు, సైరన్ పెట్టె, రిమోట్ - సాధారణంగా ఇందులో ఉండేవి ఇవే. మనిషి శరీరం నుంచి కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కిరణాల రూపంలో వేడి వెలువడుతుంది. ఆ వేడి తన ఎదుట కదిలితే సెన్సర్ పసిగట్టి, రేడియో సంకేతంతో సైరన్‌ను మోగిస్తుంది. దానికి తెలిసేది అంతే. వచ్చింది ఎవరో దానికి తెలియదు. ముఖం చూడదు, మాట వినదు, దుస్తులు గమనించదు. కాపలా అంటే ఇదే. పరాయివాడు గడప దాటితే చాటి చెబుతుంది, ఇంటివారి రహస్యాల జోలికి పోదు.

కెమెరా అలా కాదు. అది చూస్తుంది, దాచిపెడుతుంది, ఎక్కడో దూరాన ఉన్న ఫోనుకు చేరవేస్తుంది. ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్న విశ్రాంతివేళ, ఇషా తర్వాత పిల్లలు కూడా అనుమతి తీసుకునే పెద్దల గదిలోకి రావాలని అన్ నూర్ సూరా నేర్పుతోంది. కన్నబిడ్డకే అనుమతి అవసరమైన చోట రాత్రీపగలూ రెప్పవేయని కన్నును ఎలా ఉంచుతాం? అనుమతి నియమం పెట్టిందే చూపు కోసమని దైవప్రవక్త (స) స్పష్టం చేశారు.

"తప్పు చేయనివారికి భయమెందుకు?" అని కొందరంటారు. మరుగు కోరుకోవడం తప్పు చేసినవారి లక్షణం కాదు, హయా ఉన్నవారి లక్షణం. దుబాయిలో కూర్చున్న భర్త భార్య ఎప్పుడు ఎక్కడికి వెళ్లిందో ఫోనులో చూసుకోవడం మొదలుపెడితే అది దొంగ కోసం పెట్టిన యంత్రం కాదు, అనుమానం కోసం పెట్టిన యంత్రం. అనుమానాలకు దూరంగా ఉండమనీ, ఇతరుల గుట్టు వెతకవద్దనీ హుజురాత్ సూరా హెచ్చరిస్తోంది. ఇంట్లో పనిచేసే ఆమె విషయంలోనూ అంతే. గేటు దగ్గర కెమెరా తప్పనిసరైతే ఆ సంగతి అందరికీ చెప్పాలి. అది పొరుగింటి వాకిలి వైపు చూడకూడదు.

పొరుగువారి హక్కు ఇక్కడితో తీరిపోదు. తన కీడు నుంచి పొరుగువాడు నిశ్చింతగా లేనంత వరకు మనిషి విశ్వాసి కాలేడని దైవప్రవక్త (స) హెచ్చరించారు. అర్ధరాత్రి ఊరికే మోగే సైరన్ పసిపిల్లల్ని, రోగుల్ని లేపుతుంది. కనుక అమర్చడంలో శ్రద్ధ వహించడం కూడా ధర్మమే. సెన్సర్‌ను సుమారు 7 అడుగుల ఎత్తున గది మూలన బిగించాలి. ఎండపడే కిటికీకి, పొయ్యికి, ఏసీకి ఎదురుగా ఉంచకూడదు. దానిపై పాకే బల్లి, చీమలు, గదిలో తిరిగే పిల్లి కూడా సైరన్‌ను మోగించగలవు. తహజ్జుద్‌కు లేచే పెద్దలు నడిచే దారిలో రాత్రిపూట సెన్సర్‌ను ఆపి, తలుపుల అలారం మాత్రమే ఉంచుకోవడం మేలు. నెలకోసారి ఎదురుగా నడిచి పరీక్షించి, బ్యాటరీలు చూసుకోవాలి.

ఇంత చేసినా దాని శక్తి పరిమితమే. మన మే నెల ఎండలకు గది వేడి ఒంటి వేడితో సమానమైతే మనిషిని పసిగట్టడం సెన్సర్‌కు కష్టమవుతుంది. అద్దానికి అవతల ఉన్నవాణ్ణి అది గుర్తించలేదు. అన్నిటినీ మించి, యంత్రం అరవగలదే తప్ప సాయానికి రాలేదు. ఆ అరుపు విని రావలసింది పొరుగువాడే. ఏడాది పొడవునా సలాం కూడా చెప్పని పొరుగువాడు ఆ రాత్రి పరుగెత్తుకొస్తాడని ఎలా ఆశించగలం? అలారం కొన్నవారు రెండు వైపుల ఇళ్లకూ వెళ్లి - వారు ముస్లింలైనా, కాకపోయినా - సైరన్ మోగితే ఏం చేయాలో చెప్పి రావాలి. వారి ఇంటికి ఆపద వస్తే తామూ వస్తామని మాట ఇవ్వాలి. ఈ పని చేయకపోతే కొన్న యంత్రం సగమే పనిచేస్తుంది.

అలారం పెట్టుకుందాం, తలుపు వేసుకుందాం, ఆయతుల్ కుర్సీ పఠించి పడుకుందాం. అయితే ఆ కాపలా దొంగ వైపే చూసేలా, మనవారి వైపు తిరగకుండా ఉండేలా జాగ్రత్త వహిద్దాం. మన ఇళ్లను ఆపదల నుంచీ, మన హృదయాలను అనుమానాల నుంచీ అల్లాహ్ కాపాడుగాక! ఆమీన్.