52 దినముల పని



ఆఫీసులో దాఖలు చేయవలసిన లెక్కలు, దిద్దవలసిన పరీక్ష పేపర్లు, పెండ్లికి ముందు కుట్టి ఇయ్యవలసిన బట్టలు, ఇట్లు మనలో ప్రతివానికి ఏదో ఒక గడువు ఉన్నది. గడువు దాటిన పని మన ఒక్కరి నష్టము కాదు. గుమాస్తా బల్లమీద నిలిచిపోయిన కాగితము కొరకు ఒక విధవరాలు పింఛను లేక ఎదురుచూచుచుండవచ్చును. కావున కాలమును సరిగా వాడుకొనుట పొరుగువానిని ప్రేమించుటలో ఒక భాగమని గ్రహింతము.

ఈ సంగతిలో నెహెమ్యా మనకు మంచి మాదిరి. క్రీ.పూ. 445 ప్రాంతమున ఆయన యెరూషలేము ప్రాకారమును తిరిగి కట్టించెను. 52 దినములలో పని ముగిసెను (నెహెమ్యా 6:15). ఇది తొందరవలన జరిగినది కాదు. కిస్లేవు మాసము మొదలు నీసాను వరకు, సుమారు నాలుగు నెలలు, ఆ సంగతి ఆయన ప్రార్థనలో ఉండెను. రాజు అడిగినప్పుడు ఇంత కాలము పట్టునని నిర్ణయించి చెప్పెను. దారిలోని అధికారులకు తాకీదులను, మ్రానుల కొరకు అడవి కాపరియైన ఆసాపునకు పత్రమును ముందుగానే అడిగి తీసికొనెను. పట్టణము చేరిన పిమ్మట రాత్రివేళ గోడలను తిరిగి చూచి, ఆ తరువాతనే జనులను పనికి పిలిచెను. చివరి దినమున సామగ్రికై పరుగెత్తుట ఆయన పద్ధతి కాదు.

పనివారిలో అనేకులు తమ తమ యింటికి ఎదుటనున్న భాగమును బాగుచేసిరి. మొత్తము గోడను చూచి బెంగపడుటకంటె నేటి భాగమును నేడు కట్టుట మేలు.

శత్రువులు ఓనో మైదానమునకు రమ్మని నాలుగు మారులు కబురు పంపిరి. పని ఆగిపోవునని ఆయన నాలుగు మారులును ఒకే ఉత్తరమిచ్చెను. నేడు మన ఓనో మైదానము అరచేతిలోని ఫోనులోనే ఉండవచ్చును. మొదట కాదన్నవారు నాలుగవ పిలుపునకు లొంగుట కలదు. మర్యాదగా అదే మాట మరల చెప్పుట నేర్చుకొందము.

అయితే ప్రతి అడ్డును ఓనో అనుకొనరాదు. అప్పులలో చిక్కిన బీదలు మొరపెట్టినప్పుడు నెహెమ్యా వారి మాట విని న్యాయము చేసెను (5వ అధ్యాయము). తరువాతి దినములలో విశ్రాంతిదినమున పట్టణపు తలుపులు మూయించెను (13వ అధ్యాయము). బీదవాని మొరకును విశ్రాంతికిని చోటులేని క్రమము దేవుని క్రమము కాదు.

ఈ నెలలో మన పనులను, వాటి గడువులను ఒక కాగితముమీద వ్రాసికొందము. ప్రతి పని ప్రక్కన దానికొరకు ఎదురుచూచువారి పేరును వ్రాసి, వారి నిమిత్తము ప్రార్థించి పని మొదలుపెట్టుదము. దినములను ఇచ్చిన దేవుడు వాటిని నమ్మకముగా వాడుకొను కృపను మనకందరికి దయచేయును గాక. ఆమేన్.