నాయనమ్మ నిశ్శబ్దం

మా నాయనమ్మకి లాటిన్ ఒక్క ముక్క రాదు. అయినా గుంటూరు జిల్లాలోని మా ఊరి గుడిలో లాటిన్ పూజ జరుగుతున్నంతసేపూ జపమాల తిప్పుతూ మోకాళ్ళ మీదే ఉండేదట. 1962 నుంచి 1965 దాకా జరిగిన రెండవ వాటికన్ మహాసభ తర్వాత మాకూ పూజ తెలుగులోకి వచ్చింది. "ఇన్నాళ్ళకి అయ్యగారు ఏమంటున్నారో అర్థమైంది" అని మా నాన్న మురిసిపోయాడు. నాయనమ్మ మాత్రం "ఆ నిశ్శబ్దం పోయిందిరా" అని కళ్ళు తుడుచుకుందట.

ఇప్పుడు ఇక్కడ అమెరికాలో అదే కథ తిరగబడి మా ఇంటికొచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన మా అబ్బాయికి పాత లాటిన్ పూజలో మనసు కుదిరింది. 2021లో అప్పటి పోపు ఫ్రాన్సిస్ ఆ పూజ మీద ఆంక్షలు పెట్టాక, వాడు వెళ్ళే గుడిలో అది ఆగిపోయింది. "అంతా మీ తరమే పాడుచేసింది" అన్నాడు వాడు. "నీది భక్తి కాదు, పాతసామాన్ల మోజు" అన్నాను నేను. ఆ ఆదివారం ఇద్దరం దివ్యసత్ప్రసాదం తీసుకుని, కారులో ఒక్క మాటా లేకుండా ఇంటికొచ్చాం.

ఆ రాత్రి పునీత ఇగ్నేషియస్ లొయోలా గుర్తొచ్చాడు. 1521లో పాంప్లోనా యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి, కాలు విరిగి మంచాన పడ్డాడాయన. వీరుడిలా వెలిగిపోవాలని ఊహించుకుంటే అప్పటికి హాయిగానే ఉండేది, తర్వాత మనసు ఎండిపోయేది. పునీతుల్లా బతకాలనుకున్నప్పటి సంతోషం మాత్రం తర్వాతా నిలిచేది. ఆయన వివేచన ఆ తేడా గమనించడంతోనే మొదలైంది.

మరి నా మాట నాలో ఏం మిగిల్చింది? గెలిచానన్న పొగరు, దాని వెనకే చేదు. నేను మహాసభ పక్షాన మాట్లాడాననే అనుకున్నాను. కానీ పవిత్రత గురువులకీ మఠకన్యలకీ మాత్రమే కాదు, అందరికీ అందిన పిలుపని 1964లో చెప్పింది ఆ మహాసభే. ఆ అందరిలో మా వాడు లేడా?

అలాగని ఎవరికి తోచింది వాళ్ళు చేసుకోవచ్చని అనను. శ్రీసభకి విధేయత ఉండాలి, అది వాడూ నేర్చుకోవాలి. కానీ నా విధేయత, పోగొట్టుకున్నవాడిని ఎగతాళి చేసే హక్కు నాకివ్వదు. ఆనాడు మా నాన్న నాయనమ్మను వెక్కిరించలేదు. పక్కన కూర్చుని తెలుగు జవాబులు ఒక్కొక్కటే నేర్పాడు.

మర్నాడు మా వాడి గది తలుపు తట్టాను. "ఆ పూజలో నీకేం దొరికిందో చెప్పు, వింటాను" అన్నాను.

కాసేపు ఆలోచించి, "నిశ్శబ్దం, నాన్నా" అన్నాడు.

మాకింకా ఏకాభిప్రాయం కుదరలేదు. కానీ తర్వాతి ఆదివారం కారులో మాటలున్నాయి.