మనది కాని నేలలో తోట

ధ్యాన భాగము: ఆదికాండము 26వ అధ్యాయము



కరవు వలన ఇస్సాకు గెరారునకు వచ్చెను. అది ఫిలిష్తీయుల ప్రాంతము. అచ్చట అతడు పరవాసి. అయినను ఆ నేలలో విత్తెను. ఒక్క యేటిలోనే గింజకు నూరు గింజలు కోసెను. పిదప అసూయ పుట్టెను. అతని సేవకులు త్రవ్విన బావి కొరకు అక్కడి కాపరులు కలహించిరి. అతడు దానిని విడిచి మరియొకటి త్రవ్వించెను. దానికిని జగడమే. దానిని కూడ విడిచెను. మూడవ బావి యొద్ద ఎవరును అడ్డు రాలేదు. దానికి రహెబోతు అని పేరు పెట్టెను. చివరకు అతనిని వెళ్లిపొమ్మన్న అబీమెలెకే వెదకికొని వచ్చి సమాధానము కోరెను. ఇస్సాకు బావులను పట్టుకొని వ్రేలాడిన యెడల ఈ సాక్ష్యము దొరకునా?

ప్రియులారా, మనమును బ్రతుకుదెరువు కొరకు బెంగళూరు వచ్చినవారమే. దేవుని కృపవలన నేడు మనలో అనేకులకు సొంత ఇండ్లున్నవి. అయితే మన వీధి చివరనున్న ఖాళీ సైటు వైపు చూడుడి. కాంగ్రెసు గడ్డి, చెత్త మూటలు, నిలువ నీరు, దోమలు. అటువంటి స్థలముల ప్రక్కనే రేకుల షెడ్లలో అనంతపురము నుండి, పాలమూరు నుండి వచ్చిన కూలి కుటుంబములు కాపురమున్నవి. వారిలో అనేకులు సేద్యము ఎరిగినవారు. ఇక్కడ కట్ట ఆకుకూర కూడ కొనుక్కొనవలసినదే. యజమాని ఇల్లు కట్టువరకు ఆ నేల ఊరక పడియుండవలెనా?

బెర్లిను నగరములో మోరిట్జ్‌ప్లాట్జ్ అను కూడలి యొద్ద దశాబ్దములుగా పాడుపడియున్న స్థలమును 2009లో కొందరు శుభ్రము చేసి, రొట్టెల పెట్టెలలోను బియ్యపు సంచులలోను కూరగాయలు పెంచిరి. ఆ నేల వారిది కాదు గనుక తోటను కదిలించుటకు వీలుగా చేసిరి. 2020 నాటికి ఆ తోటలో ఒక భాగము ప్రొటెస్టెంటు సంఘముల పాత సమాధుల తోటలోనికి మారినది.

మనము కూడ అట్లు చేయవచ్చును. శుభ్రమైన బియ్యపు సంచులలో ఎఱ్ఱమట్టి, మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు సమపాళ్లలో కలిపి, అడుగు ఎత్తు వరకే నింపవలెను; అప్పుడే ఇద్దరు ఎత్తగలరు. క్రింద రంధ్రములు చేసి ఇటుకల మీద నిలిపిన యెడల నీరు నిలువదు. మెంతికూర, తోటకూర నెల దినములలో కోతకు వచ్చును. ఎప్పుడు లేవవలసివచ్చునో తెలియని తోటకు త్వరగా ఫలించునవే తగును. మన తోటకూర కన్నడ పొరుగువారికి దంటు సొప్పు. కట్ట చేతిలో పెట్టినప్పుడు భాష అడ్డు రాదు.

అయితే ఒక హెచ్చరిక. యజమాని అనుమతి వ్రాతమూలకముగా పొందకుండ ఒక్క సంచియైనను దించవద్దు. కంచె వేయవద్దు, సంఘము పేరిట బోర్డు పెట్టవద్దు, సిలువ పాతవద్దు. తోట పేరు చెప్పి స్థలము కలుపుకొన్నారను మాట వచ్చిన యెడల మన సువార్తకు మనమే అడ్డుబండ వేసినవారమగుదుము. ఖాళీ చేయుమన్న దినమున సణుగక సంచులెత్తుకొని, నేలను ఊడ్చి అప్పగింతము. ఆ దినమే మన అసలైన ప్రసంగము.

మరియొక సంగతి. లేవీయకాండము 19వ అధ్యాయము పొలము అంచులను బీదలకును పరదేశులకును విడువమనుచున్నది. మనము అంచు మాత్రమే గాక, పార కూడ వారి చేతికిద్దము. మట్టిని గూర్చి వారే మనకు నేర్పగలరు. 1876–78 కరవులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో కొంత భాగము కాంట్రాక్టు తీసుకొని ఆకలిగొన్నవారికి పని కల్పించిరి. అన్నము కొరకు విశ్వాసమును ఒప్పుకొనకుండునట్లు, ఆ కాలములో బాప్తిస్మములను ఆపియుంచిరి. ఆ పితరుల పిల్లలమైన మనము ఆకుకూర కట్టతో ఆత్మలను బేరమాడకూడదు. ఇచ్చునది ప్రేమతో ఇత్తము. పిలుచుట ప్రభువు పని.

కావున ప్రతి సంఘములో స్త్రీల సమాజమువారును యౌవనస్థులును కలిసి, తమ వీధిలోని ఒక్క ఖాళీ సైటు యజమానిని గౌరవముతో కలిసికొందురు గాక. పది సంచులతో ఆరంభింతము. ఇస్సాకునకు రహెబోతు చూపిన దేవుడు ఈ పట్టణములో మనకును స్థలము చూపును గాక. ఆమెన్.