అనుకృతి – అసత్యం: నకలు గడియారంపై ఒక నైతిక విచారణ

రోలెక్స్ సంస్థ 1953లో రూపొందించిన సబ్‌మెరీనర్ చేతిగడియారానికి నకలును ఇంట్లోనే కూర్చుకోవడం నేడు పలు దేశాల్లో ఒక అభిరుచి. ఔత్సాహికుడు కేసు, డయలు, ముళ్లు, అద్దం విడివిడిగా సేకరించి, జపానుకు చెందిన సీకో సంస్థ తయారుచేసే ఎన్.హెచ్.35 యంత్రాన్ని అందులో అమరుస్తాడు. తేదీ మారే క్షణాన్ని గుర్తించి ముళ్లను పన్నెండు దగ్గర నిలపాలి. డయలుపై ధూళికణం మిగలరాదు. నీరు చొరకుండా రబ్బరు వలయం కుదురుగా కూర్చోవాలి. ఇది ఎంతో ఓర్పు కోరే పని. అమ్మకం అతని ఉద్దేశం కాదు. అయినా డయలుపై రోలెక్స్ పేరు ఉంటే అది దోషమా? దోషమైతే ఎవరి పట్ల? ఈ ప్రశ్నలను పరిశీలించడమే ఈ వ్యాసం లక్ష్యం.

పోలికే దోషమనడం కుదరదు. శిల్పమైనా, చిత్రలేఖనమైనా, వడ్రంగమైనా శిష్యుడు గురువు పనిని అనుకరించే నేర్చుకొంటాడు. భరతుని రససూత్రాన్ని వివరిస్తూ శ్రీశంకుకుడు చిత్రతురగ న్యాయాన్ని ప్రతిపాదించినట్లు అభినవగుప్తుని వ్యాఖ్య తెలుపుతుంది. చిత్రంలోని గుర్రాన్ని చూసి మనం గుర్రమనే అంటాం; ఆ జ్ఞానం యథార్థమూ కాదు, భ్రాంతీ కాదు. నటునిలో రాముని చూడడమూ అటువంటిదే. ఇక్కడ అనుకృతి అసత్యం కాకపోవడానికి కారణం ప్రేక్షకునికీ నటునికీ మధ్య ఉన్న ముందస్తు అంగీకారం. రంగస్థలమే ఆ అంగీకారానికి గుర్తు.

చేతిగడియారానికి రంగస్థలం లేదు. వీధిలో, కార్యాలయంలో, పెళ్లిపందిరిలో దానిని చూసేవారు ఏ అంగీకారమూ చేసుకోలేదు. రూపం కేవలం పోలికను తెలుపుతుంది. పేరు మాత్రం కర్తృత్వాన్ని ప్రకటిస్తుంది. కాబట్టి దోషం అనుకృతిలో లేదు, ఆ ప్రకటనలో ఉంది.

'అడిగినవారికి నిజం చెబుతాను కదా' అని ఔత్సాహికుడు అనవచ్చు. కానీ వస్తువు కర్త కంటే ఎక్కువ కాలం మనగలదు. అతని వివరణ దాని వెంట పోదు. వేమన మకుటంతో అనేకులు పద్యాలు చెప్పారు. వారిలో చాలామందికి వంచనోద్దేశం ఉండి ఉండకపోవచ్చు, అభిమానమే ఉండవచ్చు. అయినా ఏది వేమన పద్యమో తేల్చలేని చిక్కు తరువాతి పరిష్కర్తలకు మిగిలింది. సదుద్దేశం వల్ల పర్యవసానం మారలేదు.

ఈ దోషానికి గురయ్యే మరొక వ్యక్తి ఆ ఔత్సాహికుడే. ఎన్.హెచ్.35 గంటకు 21,600 స్పందనలు చేస్తుంది. నేటి సబ్‌మెరీనర్ యంత్రం 28,800 చేస్తుంది. అంటే సెకనుకు ఆరు, ఎనిమిది. సెకన్ల ముల్లు నడకలోనే తేడా ఉంది. యంత్రం తానెవరో చెబుతూనే ఉంటుంది. డయలు దానిని కాదంటుంది. ఆ కాదనడంలో కూర్చిన చేతుల శ్రమ కూడా కనుమరుగవుతుంది. చూపరి మెచ్చుకొనేది వేరొకరిని.

అందువల్ల ఒక పరీక్షను ప్రతిపాదించవచ్చు. అదే గడియారాన్ని పేరు లేని డయలుతో, లేదా తన పేరుతో కూర్చితే నైపుణ్యంలో ఏమీ తగ్గదు. అయినా అతనికి దానిపై మక్కువ తగ్గితే, అతడు కోరింది పనిని కాదు, ఇతరుల చూపును. తగ్గకపోతే ఆ పేరు అతనికి మొదటినుంచీ అనవసరమే.