ఆడపిల్ల ‘ఆడ’ పిల్లేనా?

ఆంగ్లభాషలో స్త్రీజాతినంతటినీ కలిపి చెప్పే పాతమాట ఒకటి ఉంది: డిస్టాఫ్. వడకడానికి అవిసెనారనో ఉన్నినో చుట్టిపెట్టుకునే కర్రకు ఆ పేరు. (పత్తి వడికే మన ఇళ్ళలో ఆ కర్రతో పనిలేదు, ఏకు, రాట్నం చాలు.) పనిముట్టు పేరే పనిచేసే మనిషికి పేరయింది. శ్రమకు గౌరవం దక్కిందనే అనిపిస్తుంది. కాని తొమ్మిదవ శతాబ్దంలో ఆల్‌ఫ్రెడ్ రాజు రాయించిన వీలునామా చూస్తే వేరే సంగతి బయటపడుతుంది. తన తాత భూమిని ‘ఈటె వైపు’ వారికి ఇచ్చాడే గాని ‘కదురు వైపు’ వారికి ఇవ్వలేదని అందులో అంటాడు. ఈటె మగ సంతతి, కదురు ఆడ సంతతి. వడికేది ఎవరో తెలిపే మాటే భూమి దక్కనిది ఎవరికో తెలపడానికి పనికివచ్చింది. తర్వాత ఆ కదురు చోటనే డిస్టాఫ్ చేరింది.

మనకు ఈటె, కదురు లేకపోయినా మరొకటి ఉంది. ‘ఆడపిల్ల ఆడ పిల్లే గాని ఈడ పిల్ల గాదు’ అనే మాట ధారూర్, తాండూరు పల్లెల్లోనే కాదు, తెలుగునాట అన్నిచోట్లా వినబడుతుంది. ఆడ అంటే అక్కడ, ఈడ అంటే ఇక్కడ. వినడానికి ఇంపుగా ఉంటుంది, వ్యుత్పత్తి మాత్రం తప్పు. ‘ఆడు’ స్త్రీవాచకం, ‘ఆలు’కు దగ్గరి చుట్టం, బహువచనంలో రెండూ ‘ఆండ్రు’ అవుతాయి. ‘అక్కడ’ అనే అర్థమున్న ‘ఆడ’ దూరాన్ని చూపే ‘ఆ’ నుంచి పుట్టింది. రెంటికీ సంబంధం లేదు. ఆంగ్లేయులు ఉన్న మాటను ఆస్తికి వాడుకుంటే, మనం ఆస్తికోసం లేని వ్యుత్పత్తిని కల్పించుకున్నాం.

ఈ తప్పు వ్యుత్పత్తి చట్టంలోకి కూడా ఎక్కింది. 1985 నుంచి అమలైన ఆంధ్రప్రదేశ్ సవరణ హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. దేశానికి దారి చూపిన చట్టమే, సందేహం లేదు. కాని అప్పటికే పెళ్ళయిన కూతురికి అది వర్తించదన్నారు. అంటే ‘ఆడ’కు వెళ్ళిపోయిన పిల్ల! ఆ అడ్డు 2005 కేంద్ర సవరణతో తొలగింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండనక్కరలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది.

చట్టం మారినా సంతకం మిగిలింది. అన్నదమ్ములు పంచుకునేటప్పుడు ఆడబిడ్డచేత హక్కు విడుదల పత్రం రాయించుకుంటారు. ‘ఆమె ఇష్టంతోనే ఇచ్చింది, నీకేమిటి బాధ?’ అని విద్యావంతులైన మిత్రులే నన్ను అడిగారు. పసుపు కుంకుమల కింద ఇచ్చింది చాలదా అని కూడా. ఇష్టమంటే ఏమిటి? పాలు అడిగితే బతుకమ్మ పండుగకు పిలుపు రాదు. మొగుడు కొట్టిననాడు వచ్చి తలదాచుకునేందుకు పుట్టిల్లు ఉండదు. ఆ భయాన్ని తూచి చూసుకుని ఆమె వేలిముద్ర వేస్తుంది. నిరాకరిస్తే నష్టమేమీ లేని స్థితిలో ఇచ్చినదాన్నే నేను సమ్మతి అంటాను.

2018లో వచ్చిన రైతుబంధు సాయం పట్టాదారుకే అందింది. కందిచేలో కలుపు తీసినా, పత్తి ఏరినా, పాసుపుస్తకంలో పేరు లేని స్త్రీ ఆ లెక్కకు రైతు కాదు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది పండే నేలలో ఎంత భాగం ఆడబిడ్డల పేర ఉన్నదో, ఎంతమంది విడుదల పత్రాలు రాసిచ్చారో గ్రామం గ్రామం తిరిగి రాసుకురావడం మన విద్యార్థి మిత్రులు సెలవుల్లో చేయగల పని.